మూడో ఓటు

పుస్తకాల గది
జనవరి 6

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

మోకాళ్లు తప్ప తక్కిన శరీరమంతా ఇంకా చెప్పిన మాట వింటున్నది. కనుక ఆ కుశలప్రశ్నతో నీ ఉత్తరంలో సగం పుట పాడుచేయకు.

నిన్న సినీ సంఘం కార్యదర్శి మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. రెండు గ్లాసుల నీళ్లు తాగాడు, గోడల వంక చూశాడు, నా పుస్తకాలకు చెద పట్టకుండా ఏం చేయాలో చెప్పాడు. చిట్టచివరికి, "మాష్టారూ, ఈసారి జాబితా ఇవ్వకపోయినా మేమెవరం ఏమీ అనుకోం" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా వారి వార్షిక సంచికలో చివరి పుట మనది. దాన్ని ఖాళీగా వదలడానికి నాకు మనసొప్పలేదు. మార్చి నెలాఖరుకు ఇస్తానని మాట ఇచ్చి పంపాను.

ఏడాదిలో వచ్చిన పది మంచి చిత్రాలను ఏరడంలో మనకెన్నడూ పేచీ రాలేదు. పేచీ అంతా మొదటి స్థానం దగ్గరే. నేను చిత్రంలో రసాన్నీ ఔచిత్యాన్నీ వెదుకుతాను. నీవు కళ్లు మూసుకుని సౌండు వింటావు. మనిద్దరం నెలల తరబడి ఉత్తరాలతో కొట్టుకున్నాక, మీ అక్క ఒక చీటీ మీద తన ఓటు రాసి, మడిచి, కళ్లజోడు డబ్బాలో పెట్టి మూత వేసేది. రెండు ఓట్లు ఎటు పడితే అదే మొదటి చిత్రం. సంచికలో సంతకాలు కూడా ఆమె పెట్టిన పేర్లతోనే వచ్చేవి: పద్యాలాయన, చెవి, మూడో ఓటు.

ఆమె పోయి నాలుగు నెలలు. అయినా ఈ ఏటి జాబితా కింద మూడు సంతకాలూ ఉండాలని నా కోరిక. ఆమె ఓటు ఎటో నాకు తెలుసు. జూన్‌లో మేమిద్దరం 'గడియారం సినిమా' చూశాం. నలభై ఏళ్లు బురుజు గడియారానికి తాళం తిప్పిన ముసలివాడు, దాన్ని కరెంటు గడియారంగా మార్చిన తరువాత కూడా రోజూ మెట్లెక్కి వెళ్లడం తప్ప అందులో కథ ఏమీ లేదు. దుఃఖం అన్న మాట ఎత్తకుండా కరుణరసాన్ని అంత నిండుగా పోషించిన చిత్రం ఈ దశాబ్దంలో మరొకటి రాలేదు. చివరి దృశ్యంలో మీ అక్క నా చేయి పట్టుకుంది. పుస్తకాల మనిషిని కనుక సాక్ష్యం లేనిదే మాట్లాడను. ఇది నా మొదటి సాక్ష్యం.

రెండవది ఆమె చివరి రోజుల తీరు. సాయంత్రాలు పురాణం చదివి వినిపించేవాణ్ణని నీకు తెలుసు. మొదట్లో నాలుగు శ్లోకాలకే నిద్రపోయేది. ఆగస్టు మూడో వారం తరువాత ఒక్కనాడూ నిద్రపోలేదు. నేను ఎక్కడ ఆగినా, "చదవండి, వింటున్నాను" అనేది. మనసు అంతగా గంభీరమైన విషయాల వైపు తిరిగిన మనిషి ఓటు గడియారానికి కాక మరి దేనికి?

నీ అభిప్రాయం తెలియజేయి.

నీ బావ

&nbsp;

మిక్సింగ్ గది
జనవరి 19

బావగారికి మీ చెవి నమస్కారాలు.

మోకాళ్ల గురించి అడగడం లేదు, చూడండి. నేనెంత మాట వినే బావమరిదినో.

జాబితా ఇద్దామన్నారు, సంతోషం. నేనే అడుగుదామనుకుని నాలుగుసార్లు కాగితం తీసి మళ్లీ లోపల పెట్టాను. ఇక్కడ పని ఒత్తిడి అని చెప్పొచ్చు గానీ అది కాదు. మిక్సింగ్ గదిలో తలుపేసుకుంటే బయటి శబ్దం ఒక్కటీ రాదు, మీకు తెలుసుగా. ఇంతకాలం ఆ నిశ్శబ్దం జీతం ఇచ్చే దేవుడు. ఈ మధ్య భయమేస్తోంది.

సరే, యుద్ధం మొదలెడదాం. గడియారం సినిమా గొప్పదే, కాదనను. కానీ బావా, గంటల ముల్లు నడిచినంత వేగంగా నడిచింది అది. పైగా ఒక మోసం చేశారు. తాళం తగ్గుతున్న కొద్దీ గడియారం కొట్టుకునే తీరు మారుతుంది, నీరసపడుతుంది. వాళ్లు ఒకటే టిక్కును పట్టి రెండు గంటలూ అతికేశారు. ఆ అతుకు నాకు ప్రతి పది సెకన్లకూ వినిపించింది. ముసలాయన ఏడుస్తుంటే నేను అతుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మీ ఔచిత్యం అప్పుడెక్కడికి పోయింది?

నా ఓటు 'ఇరుక్కుపోయినోళ్ల సినిమా'కి. ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోతుంది, లోపల ఐదుగురు. అంతే కథ. మొదటి నలభై నిమిషాలు పాట లేదు, నేపథ్య సంగీతం లేదు. ఊపిరి, బట్టల రాపిడి, ఎవరిదో గొంతు సవరింపు. అంత బోసి సౌండుతో హాలు మొత్తాన్ని నవ్వించడం మా వృత్తిలో ఎంత కష్టమో మీకెలా చెప్పను? నేను చూసిన ఆటలో ఆరో వరుసలో ఒకావిడ నవ్వింది. ముందు ఆపుకోబోయింది, ఆగలేదు, మధ్యలో విరిగింది, మళ్లీ లేచింది. ముప్పై ఏళ్లుగా సౌండు పడుతున్నాను గానీ అలాంటి నవ్వు నా మైకుకి ఎప్పుడూ దొరకలేదు.

ఏది మంచి సినిమా అని మీరడుగుతారు. ఏది ముఖ్యమైన సినిమా అని నేనడుగుతాను. మంచి సినిమా హాల్లో ఉంటుంది. ముఖ్యమైనదాన్ని జనం ఇంటికి తీసుకెళ్లి వాడుకుంటారు. అక్క ఓటు దీనికే.

ఇంకొకటి అడగాలి. "చదవండి, వింటున్నాను" అని అక్క అందన్నారు. సరిగ్గా అవే మాటలా? ఆగస్టు మూడో వారం నుంచేనా?

మీరు ఆ సినిమా చూడండి బావా. చూడకుండా తిడతారని తెలుసు, అందుకే ముందే చెబుతున్నా.

మీ చెవి

&nbsp;

పుస్తకాల గది
ఫిబ్రవరి 2

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ అతుకుల సంగతి నాకు తెలియదు, దానికి కృతజ్ఞుణ్ణి. అయితే, విగ్రహం వెనుక ఉలి గాటు కనిపించిందని ఆ విగ్రహమే లేదనడం న్యాయం కాదు.

నీ చిత్రాన్ని నేను చూడలేదు. సమీక్షలు చదివాను. ఐదుగురిని ఇరుకు పెట్టెలో బంధించి వారి భయాన్ని చూసి నవ్వమనడం హాస్యం కాదు. హాస్యానికి ఆలంబనమైన మనిషి మీద ప్రేమ ఉండాలి. అది లేకపోతే మిగిలేది ఎకసెక్కం. ముఖ్యమైనది, మంచిది అని నీవు చేసిన విభాగం కూడా నాకు మింగుడు పడలేదు. జనం ఇంటికి తీసుకుపోయేదే ముఖ్యమైతే మొన్నటి 'దుమ్ము సినిమా' అన్నిటికన్నా ముఖ్యం. అది చూసి వచ్చిన మా వీధివాళ్లంతా వారంపాటు ఇళ్లలో కత్తులు తిప్పారు.

చూడని చిత్రాన్ని తిట్టకూడదంటావు. ఒప్పుకుంటాను. చూడని చిత్రానికి ఓటు కూడా వేయకూడదు, ఇది మనం పెట్టుకున్న మొదటి నియమం. మీ అక్క దాన్ని చూడలేదు. అది విడుదలయ్యేనాటికి ఆమె ఆసుపత్రికి తప్ప గడప దాటడం లేదు. ఆమె ఓటు దానికెలా పడుతుంది?

మరొక శంక. చిత్రాలకు ముద్దుపేర్లు పెట్టడం మీ అక్క హక్కు. అసలు పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు. గడియారం సినిమా, దుమ్ము సినిమా, కుట్టుమిషను సినిమా, అన్నీ ఆమె పెట్టినవే. ఇరవై తొమ్మిదేళ్లలో నీవు గానీ నేను గానీ ఒక్కదానికీ పెట్టలేదు. 'ఇరుక్కుపోయినోళ్ల సినిమా' అన్న పేరు ఎవరు పెట్టారు?

అడగడానికి కారణం ఉంది. చీటీ ఏదైనా రాసి పెట్టిందేమోనన్న ఆశతో నిన్న ఆమె కళ్లజోడు డబ్బా తెరిచాను. చీటీ లేదు. అద్దాలు తుడిచే గుడ్డ కింద రెండు సినిమా టికెట్ల సగం ముక్కలున్నాయి. చిత్రం పేరు చెరిగిపోయింది. ఎఫ్ 11, ఎఫ్ 12. ఆగస్టు 21, మధ్యాహ్నం ఆట. ఆనాటి నా డైరీ తీశాను. "స్కానింగుకు తమ్ముడు తీసుకువెళ్లాడు. ఆలస్యమైంది. అయిదింటికి వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది" అని నేనే రాసుకున్నాను.

ఈ టికెట్లు ఎవరివి?

నీ బావ

&nbsp;

మిక్సింగ్ గది
ఫిబ్రవరి 9

బావగారికి నమస్కారాలు.

ఒక సినిమా ఆఖరి రీలు మీద కూర్చున్నాం, క్లుప్తంగా రాస్తున్నాను.

ఆ టికెట్లు నావి. మా ఎడిటరూ నేనూ వెళ్లాం. ఎప్పుడో అక్క డబ్బాలో పెట్టి మరిచిపోయి ఉంటాను. ముద్దుపేరు కూడా నేనే పెట్టాను, ఆవిడ దగ్గర నేర్చుకున్న విద్య.

కుట్టుమిషను సినిమాని పదిలో అయిదో స్థానానికి పెంచుదామా? అందులో వర్షం సౌండు నిజమైన వర్షానిది. ఆ ఒక్కదానికే అయిదో స్థానం ఇవ్వొచ్చు.

మీ దగ్గర సంఘం వాళ్లు మార్చిలో ఇరుక్కుపోయినోళ్ల సినిమా మళ్లీ వేస్తున్నారట, అదే హాల్లో. ఒక్కసారి వెళ్లండి బావా. నా మాట మన్నించి వెళ్లండి.

మీ చెవి

&nbsp;

పుస్తకాల గది
ఫిబ్రవరి 16

బావమరిదికి.

యాభై ఏళ్లు నేను చేసిన పని ఒక్కటే. పాతకాలపు కవి ఒక చోట అన్న మాటను మరొక చోట అన్న మాట పక్కన పెట్టి, రెంటి మధ్యా అతడు దాచినదేమిటో చెప్పడం. ఆ పని నీ ఉత్తరాల మీద చేయవలసి వస్తుందని అనుకోలేదు.

ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్. ఎఫ్ ఆరో వరుస. నీవు చూసిన ఆటలో ఆరో వరుసలో ఒకావిడ నవ్విందని జనవరిలో నీవే రాశావు. ఎడిటరుతో వెళ్లినవాడివి పక్క సీటులో నవ్విన ఆడమనిషిని 'ఒకావిడ' అన్నావు. ఆ నవ్వు ఎలా విరిగిందో, ఎలా లేచిందో అయిదు నెలల తరువాత కూడా చెప్పగలిగావు. నాకు ఆ నవ్వు తెలుసు. నలభై ఆరేళ్లు విన్నాను.

డాక్టరమ్మ జనంలోకి తీసుకువెళ్లవద్దన్నది. నీ ఎదుటే అన్నది. ఆగస్టు 21న నీవామెను తలుపులు మూసిన హాలులో, వందమంది ఊపిరి మధ్య, రెండు గంటలు కూర్చోబెట్టావు. ఇరవై నాలుగున జ్వరం వచ్చింది. సెప్టెంబరు తొమ్మిదిన ఆమె లేదు. ఈ మూడు తేదీలూ నా డైరీలో ఒకే పుటలో ఉన్నాయి. వాటి మధ్య నీవు దాచినది ఇప్పుడు చేరింది.

నేను ఈ గదిలో కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు బొంగురుపోయేదాకా చదువుతూ, ఆమె మనసుకు శాంతి దొరుకుతోందని నమ్మాను. ఆమె నీతో వెళ్లి నవ్వుకుని వచ్చింది. వచ్చి నాకొక్క మాట చెప్పలేదు. నీవూ చెప్పలేదు. నేనంత కాని మనిషినయ్యానా?

ఈ ఏడు జాబితా లేదు. కార్యదర్శికి చెబుతాను. నీవు ఉత్తరం రాయనవసరం లేదు.

&nbsp;

ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 28

బావగారికి.

రాయొద్దన్నారు. రాస్తున్నాను. చదవకుండా చించే మనిషి కాదు మీరు, అచ్చుకాగితం పొట్లాన్ని కూడా విప్పి చదువుతారు.

ఆ రోజు స్కానింగు అయ్యాక డాక్టరమ్మ లోపలికి పిలిచింది. అక్క కూర్చోలేదు. "నాకు చుట్టూ తిప్పి చెప్పకమ్మా, ఇంక మందు లేదా?" అని అడిగేసింది. ఆవిడ కాగితాలు మూసి, "లేదండీ" అంది. అంతే, రెండు నిమిషాలు. బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అక్క చేతిసంచి జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. ఆ చప్పుడు నా చెవిలోంచి ఇంకా పోలేదు.

"ఇప్పుడే ఇంటికి వద్దురా" అంది. "ఆయన తలుపు తీసేసరికి నా ముఖం సర్దుకోవాలి. కాసేపు ఎక్కడైనా కూర్చుందాం. చీకటిగా ఉంటే చాలు."

ఆసుపత్రి ఎదురుగానే హాలు. ఏ సినిమానో కూడా చూడలేదు మేము. జనంలోకి వద్దన్నారు కదక్కా అన్నాను. "ఇప్పుడింక ఏమిటిరా వద్దనేది" అంది. నేను గట్టిగా కాదనాల్సింది. అనలేదు. ఆ జ్వరం గురించి మీరు రాసిన మాట ఆగస్టు నుంచి రోజూ నాకు నేను చెప్పుకుంటున్నదే. మా పనిలో తప్పు సౌండు పడితే ఆ ముక్క కోసేస్తాం. ఆ మధ్యాహ్నాన్ని ఎన్నిసార్లు కోసి చూశానో. కోసేస్తే జ్వరం పోతుందేమో. ఆ నవ్వూ పోతుంది. కోయలేక అలాగే ఉంచాను.

చీకట్లో అక్క ఏడ్చింది బావా. చుట్టూ జనం నవ్వుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సినిమా మొదలయ్యే ముందు మీ గురించి ఒక మాట అంది. "మీ బావకి మతిమరుపు వస్తోందేమోరా. మొన్న చదివిన అధ్యాయమే నిన్న మళ్లీ మొదటి నుంచీ చదివాడు. నేను పోయాక కాస్త కనిపెట్టుకుని ఉండు" అంది. తనకి ఇంక మందు లేదని తెలిసి గంట కాలేదు. మీ మతిమరుపు మీద బెంగ.

తరువాత ఒక చోట నవ్వింది. నా చెయ్యి గిల్లి, "ఒరేయ్, అచ్చం మీ బావేరా" అంది. అదీ ఆ నవ్వు. ఏ చోటో నేను చెప్పను. నేను చెబితే అది నా మాట అవుతుంది. మీరే చూడాలి. జనవరిలో మీ ఉత్తరం చదివిన రోజు మిక్సింగ్ ఆపేసి ఇంటికి వచ్చేశాను, ఎందుకో కూడా చూస్తేనే తెలుస్తుంది.

బయటికి వచ్చాక కళ్లు తుడుచుకుని, "నా ఓటు ఈ ఇరుక్కుపోయినోళ్ల సినిమాకేరా. ఆయనకి ఇప్పుడే చెప్పకు, చూడకుండానే తిడతాడు" అంది. ఆటో ఎక్కాక నా దగ్గర ఒట్టు వేయించుకుంది. "డాక్టరమ్మ అన్నమాట మీ బావకి చెప్పకు. ఇంకా ఏడు అధ్యాయాలున్నాయి. అవి పూర్తయితే నాకు నయమవుతుందని ఆయన నమ్మకం. నమ్మకంతో పూర్తి చేయనీ."

మీరు కాని మనిషి కాదు బావా. ఆ రోజు మన ముగ్గురిలో హాల్లో ఉన్నది మేమిద్దరమే గానీ, అక్క మాట్లాడిందంతా మీ గురించే.

నా జేబులో రికార్డరు ఎప్పుడూ ఉంటుంది. పిచ్చుకలు, రైళ్లు, కుళాయిలు, ఊళ్లో చప్పుళ్లన్నీ పట్టాను. ఆ రోజు నొక్కలేదు. అక్క గొంతు నా దగ్గర అరనిమిషం కూడా లేదు.

మీ చెవి

&nbsp;

పుస్తకాల గది
మార్చి 21

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

మొదట చెప్పవలసినది మొదట చెబుతాను. నీ ఉత్తరం చేరిన మరునాడు డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆ జ్వరం హాలు నుంచి వచ్చినది కాదనీ, లోపలి జబ్బు ముదిరి వచ్చినదనీ, ఇంట్లో మంచం దిగకపోయినా వచ్చేదేననీ చెప్పింది. మూడు తేదీలను ఒక పుటలో చూసి వాటికి కార్యకారణ సంబంధం కల్పించాను. నా శిష్యుడెవడైనా ఒక పద్యానికి అలా అర్థం చెబితే తరగతి నుంచి బయటికి పంపేవాణ్ణి. నిన్ను అన్న మాటకు క్షమించు. పెద్దవాణ్ణి కనుక ఈ మాట రాయడానికి మూడు వారాలు పట్టింది.

నిన్న ఆ చిత్రం చూశాను. టికెట్ల కిటికీ దగ్గర ఎఫ్ 11, ఎఫ్ 12 అడిగాను. "రెండో ఆయన వస్తున్నారా సార్?" అన్నాడు టికెట్లిచ్చే కుర్రాడు. వస్తున్నారన్నాను. మీ అక్క ఏ సీటులో కూర్చున్నదో నీవు రాయలేదు. అందుకని మొదటి సగం ఒకదానిలో, రెండవ సగం మరొకదానిలో కూర్చున్నాను.

నాకు నవ్వు రాలేదు. తరువాత లిఫ్టులో దీపం ఆరిపోయింది. ఐదుగురిలో ముసలి దంపతులున్నారు కదా. ఆమెకు చీకటి అంటే భయం. ఆ ముసలాయన ఫోను వెలుగులో గోడ మీది సూచనల పలకను పైకి చదవడం మొదలుపెట్టాడు, ఏదో శాస్త్రం చదువుతున్నంత గంభీరంగా, పదం పదం విడదీసి. ఎనిమిది సూచనలూ అయ్యాయి. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. "ఇందాక చదివావుగా తాతా" అన్నాడొకడు. "వినని వాళ్లుంటారు" అన్నాడాయన. హాలంతా నవ్వింది. మీ అక్క నవ్వినదీ అక్కడేనని నాకు తెలిసింది. నలభై ఆరేళ్లలో నేను ఆమెకు రైలు టికెట్ల వెనుక నిబంధనలు కూడా చదివి వినిపించాను.

మూడోసారి చదివేటప్పుడు ఆయన గొంతు వణికింది. ఎనిమిదో సూచన దగ్గర ఆగిపోయాడు. చీకటికి భయపడే ఆ ముసలావిడ ఆయన చొక్కా చేయి పట్టుకుని, "చదవండి, వింటున్నాను" అన్నది.

ఎవరూ నవ్వలేదు. ఆమెకు ఆ పలకతో పని లేదు. చదువు ఆగితే ఆయన కూలిపోతాడని ఆమెకు తెలిసింది.

ఇక నేను దాచినది చెబుతాను. ఆగస్టు పదిననే డాక్టరమ్మ నాకు ఫోను చేసింది. మొదటి స్కానింగులోనే సంగతి తేలిపోయింది. మీ అక్క తానుగా అడిగితే తప్ప చెప్పవద్దని నేనే బతిమాలాను. నీకూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నాకొక పిచ్చి పట్టింది. పురాణం పూర్తయితే ఆమె కూడా పూర్తవుతుందనిపించింది. అందుకని చదివిన అధ్యాయాన్నే మళ్లీ చదివాను. ఆమె నిద్రలో ఉన్నది కదా, గమనించదనుకున్నాను. నాకు మతిమరుపు లేదు, చిరంజీవీ. ఒక్క శ్లోకం కూడా మరవలేదు.

ఆ మధ్యాహ్నం, ఆ హాలులో, ఆమెకు అది తెలిసింది. ఆటోలో నీ చేత ఒట్టు వేయించుకున్నది నా గుట్టు కాపాడటానికే. ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం ఒకే అధ్యాయం మూడోసారి ఎత్తుకుని మధ్యలో ఆగిపోయాను. ఆమె నా చేతి మీద చేయి వేసి, "చదవండి, వింటున్నాను" అన్నది. చివరి రోజు వరకూ అన్నది. 'మీకు తెలుసని నాకూ తెలుసు' అని నాతో చెప్పడానికి ఆమెకు ఆ సినిమా మాట దొరికింది. దాన్ని ఇంటికి తెచ్చి నా మీద వాడింది. ముఖ్యమైన సినిమా అంటే ఏమిటో నీవు రాసినప్పుడు నేను ఎకసెక్కం చేశాను.

నేను ఆ చిత్రం చూసి ఉంటే ఆ సాయంత్రమే ఆమెకు జవాబు చెప్పి ఉండేవాణ్ణి. పందొమ్మిది రోజులు ఉన్నాయి మాకు. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఇద్దరం కలిసి మోసి ఉండేవాళ్లం. చూడలేదు. సమీక్షలు చదివాను. ఇన్ని కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసినవాణ్ణి, నా కుర్చీకి మూరెడు దూరంలో అన్న రెండు మాటలకు భక్తి అని అర్థం రాసుకున్నాను.

జాబితా కార్యదర్శికి పంపాను. కుట్టుమిషనుకు అయిదో స్థానం ఇచ్చాను. మొదటి స్థానం ఇరుక్కుపోయినోళ్ల సినిమాది, రెండు ఓట్లతో: చెవి, మూడో ఓటు. పద్యాలాయన ఓటు మాత్రం గడియారానికే. నీ చిత్రంలో నలభై నిమిషాల తరువాత సంగీతం మోత భరించరానిది, ముగింపు తెచ్చి అతికించినట్టున్నది. దుఃఖంలో ఓటు మార్చుకున్నానంటే మీ అక్క నన్ను ఆటపట్టిస్తుంది.

ఒక అధ్యాయం మిగిలిపోయింది. సెప్టెంబరు నుంచి ఆ పుస్తకం తెరవలేదు. ఒక్కణ్ణీ చదవలేను. వీలు చూసుకుని రా. ఆమె కుర్చీలో కూర్చో. నిద్రపోయినా ఏమీ అనుకోను.

నీ బావ

&nbsp;

మిక్సింగ్ గది
మార్చి 25

బావగారికి.

శనివారం సాయంత్రం బండికి వస్తున్నాను. మూడంతస్తులు ఎక్కగానే చదువు మొదలుపెట్టకండి, ముందు నన్ను ఊపిరి తీసుకోనివ్వండి.

అక్క కూర్చున్నది ఎఫ్ 12లో. నడవ వైపు.

రికార్డరు తెస్తున్నాను. మీరు వద్దన్నా ఈసారి నొక్కుతాను.

ఒక్క అధ్యాయమే ఉందన్నారు. నాకు ఆదివారం కూడా సెలవే. మెల్లగా చదవండి.

మీ చెవి